అనంతపురం ఎండకు, గాలికి కాంక్రీటు కళ్లం: జాయింట్లు ఎప్పుడు కోయాలి, ఎలా కోయాలి

నేల మీద పోసిన కాంక్రీటుకు కంట్రోల్ జాయింట్లు (పగులు మనం అనుకున్న చోటే వచ్చేలా మిషన్‌తో కోసే గాడి గీతలు) పోసిన రోజే కోయాలి. ఎండాకాలంలో చివరి తాపీ తిప్పిన 4 నుంచి 8 గంటల్లోపు, చలికాలంలో 8 నుంచి 12 గంటల్లోపు. సాయంత్రం పోస్తే తెల్లారేసరికి కోత మొదలైపోవాలి. అంతకు మించి ఆగితే మిషన్ గీసే గీత ఒకచోట ఉంటుంది, కాంక్రీటు పగిలే గీత ఇంకోచోట ఉంటుంది.

ఇది తెలియని మేస్త్రులు తక్కువ. అయినా పని దగ్గర వినిపించే మాట మాత్రం ఒకటే: "పచ్చిగా ఉంది, రేపు పొద్దున కోద్దాం లేప్పా, ఏమీ కాదు." ఆ మాట వెనక అసలు కారణం పచ్చితనం కాదు, కట్టర్ మనిషిని ఇంకా మాట్లాడుకోకపోవడం. సిమెంటు, ఇసుక, కంకర, మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్), కూలీలు అన్నీ కుదిరాక చివర్లో గుర్తొచ్చేది కట్టర్. ఆ వరుసను తిరగేయండి. కట్టర్ ఏ రోజు, ఏ గంటకు వస్తాడో ముందు తేల్చుకొని, దాన్ని బట్టి కాంక్రీటు పోసే గంట నిర్ణయించండి. శెనక్కాయలు ఆరబోసుకునే కళ్లమైనా, ఇంటి ముందు వాకిలైనా, గోడౌను నేలైనా పద్ధతి ఇదే.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇదంతా నేలకు ఆనుకొని ఉండే కాంక్రీటుకు మాత్రమే. మిద్దె స్లాబును ఎవరు చెప్పినా కోయకండి. అక్కడ బరువు మోసేదే ఆ మందం.

కాంక్రీటు ఎందుకు కుంచించుకుపోతుంది

కలిపేటప్పుడు పోసిన నీళ్లన్నీ సిమెంటుతో కలిసిపోవు. మిగిలినవి నెలల తరబడి ఆవిరవుతూ ఉంటాయి, కాంక్రీటు కుంచించుకుపోతూ ఉంటుంది. 10 అడుగుల పొడవుకు మొత్తం మీద సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు, 40 అడుగులకు 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది ఈ కుదింపు. కింద గరుసు పట్టి ఉంచుతుంది, పైన కాంక్రీటు లాక్కుంటుంది. చివరికి ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. నీళ్లింకిన చెరువు మట్టి నెర్రెలిచ్చినట్టే ఇదీ. మనం చేయగలిగింది, పగులు ఎక్కడ రావాలో ముందే చూపించడం. గీత కోసిన చోట మందం తగ్గుతుంది కాబట్టి కాంక్రీటు అక్కడే తెగుతుంది. తెగిన ఆ వెంట్రుక గీత గాడి అడుగున ఉంటుంది, పైకి కనిపించదు.

మరి అంత తొందర ఎందుకంటే, ఆరడం వల్ల వచ్చే కుదింపు నెలల వ్యవహారమైనా, చల్లబడటం వల్ల వచ్చే కుదింపు మొదటి రాత్రే వస్తుంది. సిమెంటు గట్టిపడుతూ సొంతంగా వేడి పుట్టిస్తుంది. దానికి మన ఎండ తోడైతే మధ్యాహ్నానికి స్లాబు బాగా కాగుతుంది. పొద్దు గూకగానే చల్లబడి లాక్కోవడం మొదలుపెడుతుంది. అప్పటికి దానికి బలం ఇంకా రాలేదు. జాయింటు లేకపోతే తనకు నచ్చిన చోట తెగుతుంది. అందుకే ఉదయం పోసిన దానికి సాయంత్రపు చల్లదనమే ఆఖరి గడువు. గడియారం లెక్క దాని తర్వాతే.

గీతలు ముందు కాగితం మీద

జాయింట్ల మధ్య దూరానికి గుర్తుండిపోయే లెక్క ఒకటుంది. మందం ఎన్ని అంగుళాలో దానికి రెండింతల నుంచి రెండున్నర రెట్లు అడుగులు. 4 అంగుళాల కాంక్రీటుకు 8 నుంచి 10 అడుగులు, 5 అంగుళాలకు 10 నుంచి పన్నెండున్నర, 6 అంగుళాలకు 12 నుంచి 15. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నేనైతే ఎప్పుడూ చిన్న అంకె వైపే ఉంటాను. నాలుగు గీతలు ఎక్కువైతే పోయేదేమీ లేదు.

గళ్లు వీలైనంత చతురస్రంగా ఉండాలి. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో అడ్డంగా పగులుతుంది. ఇంటి పక్క సందులో 3 అడుగుల వెడల్పుతో 30 అడుగుల బాట పోసి ఒక్క గీతా పెట్టని వాళ్లు చాలామంది. అక్కడ 4 అడుగులకొకటి చొప్పున కోయాల్సి ఉంటుంది.

ఉదాహరణకు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందంతో కళ్లం వేస్తున్నారనుకుందాం. ట్రాక్టరు ట్రాలీ ఎక్కేదైతే 4 అంగుళాలు చాలవు. ట్రాక్టరు ఎక్కే అంచున మందం ఇంకా పెంచాలి. 10 అడుగుల గళ్లు వేస్తే 12 గళ్లు వస్తాయి. 30 అడుగుల గీతలు 3, 40 అడుగుల గీతలు 2, మొత్తం 170 అడుగుల కోత. ఈ అంకె కట్టర్ మనిషికి ముందే చెప్పండి.

గీత ఎప్పుడూ గోడ మూల నుంచో, కళ్లం లోపలికి తిరిగే మూల నుంచో మొదలవ్వాలి. పగులు పుట్టేది ఆ మూలల్లోనే. గోడ పక్కన, స్తంభం చుట్టూ, బోరు పైపు చుట్టూ, తులసికోట చుట్టూ అర అంగుళం థర్మాకోల్ షీటును పూర్తి మందం నిలబెట్టి, ఆ తర్వాత కాంక్రీటు పోయాలి. ఇది కోతతో అయ్యే పని కాదు, పోయకముందే చేయాలి. స్తంభాన్ని కాంక్రీటు పట్టేసుకుంటే పక్కన ఎన్ని గీతలు కోసినా దాని మూల నుంచి పగులు పాకుతుంది.

లోపల 8 ఎంఎం కడ్డీల జాలీ వేస్తున్నట్టయితే గీత వచ్చే చోట కడ్డీలను ఒకటి విడిచి ఒకటి కత్తిరించండి. మొత్తం కడ్డీలు గీత దాటి పోతే అవి జాయింటును తెరుచుకోనివ్వవు.

గీతలు ఖరారయ్యాక వాటి కొనలను పక్క గోడ మీదో, సెంట్రింగ్ పలకల మీదో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. కాంక్రీటు పోశాక కొలుచుకుంటూ కూర్చునే టైము ఉండదు.

పట్టీలుగా పోస్తే సగం టెన్షన్ పోతుంది

పై కళ్లానికి 500 ఘనపు అడుగుల కాంక్రీటు పడుతుంది. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే దగ్గర దగ్గర 114 బస్తాల సిమెంటు. ఒక బస్తా మిల్లర్‌తో గంటకు 12 బస్తాలు లాగించినా తొమ్మిదిన్నర గంటల పని. పొద్దున 6 గంటలకు పోసిన గడిని మధ్యాహ్నం కోయాలి, ఆ టైముకు ఇంకా మిల్లర్ తిరుగుతూనే ఉంటుంది. సాయంత్రం పోసిన గడిని నడిరాత్రి కోయాలి. ఒకే కళ్లంలో ఇన్ని వయసుల కాంక్రీటు ఉంటే కట్టర్ మనిషి ఏ గంటకని రావాలి?

అందుకని 10 అడుగుల వెడల్పున్న మూడు పట్టీలుగా విడదీయండి. ఒక్కో పట్టీకి 38 బస్తాలు, మూడు గంటల పైచిలుకు పని. మొదట రెండు చివరి పట్టీలు, కొన్ని రోజులాగి మధ్య పట్టీ. పట్టీల మధ్య అంచులే పొడవు జాయింట్లు అయిపోతాయి కాబట్టి 40 అడుగుల గీతలు కోసే పనే ఉండదు. పట్టీకి మూడు అడ్డ గీతలు, 30 అడుగుల కోత, అంతే.

మధ్య పట్టీ పోసేటప్పుడు రెండు సంగతులు మరవొద్దు. పాత పట్టీ అంచుకు పాత ఇంజను ఆయిలు పూయడమో పాలిథీన్ షీటు నిలబెట్టడమో చేయండి, లేకపోతే రెండూ అతుక్కుంటాయి. రెండోది, కొత్త పట్టీ గీతలు పాత పట్టీ గీతలకు సూటిగా కలవాలి. పాత జాయింటు తెరుచుకొని కదులుతూ ఉంటుంది. దాని ఎదురుగా గీత లేకపోతే ఆ పగులు కొత్త పట్టీలోకి దూకుతుంది.

రెడీమిక్స్ లారీలు తెప్పిస్తే లెక్క మారుతుంది. మొత్తం గంట రెండు గంటల్లో పడిపోతుంది, కోత టైము కూడా మొత్తానికి ఒకేసారి వస్తుంది. అప్పుడు ఒక కట్టర్ చాలదు, రెండు కావాలి.

ఏ నెలలో ఏ గంటకు పోయాలి

గాలి వేడి 40 డిగ్రీలు దాటితే దాన్ని వేడి వాతావరణపు కాంక్రీటు పనిగా చూడాలని ఐఎస్ 7861 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మనకది మామూలు సంగతి. ఆ రెండు నెలల్లో సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టడం మంచిది. రాత్రి 10 ప్రాంతంలో చివరి తాపీ అవుతుంది, తెల్లవారుజామున 4 నుంచి 6 లోపు కోత. సిమెంటు సొంత వేడి రాత్రిపూట వస్తుంది, ఎండ వేడి దానితో కలవదు. లైట్లు, రాత్రి కూలి ఖర్చు అదనమే, అయినా పెట్టదగిన ఖర్చు.

రాత్రి పని కుదరదంటే తెల్లవారుజామున 5కు మొదలుపెట్టి, 9కల్లా తాపీ ముగించి, మధ్యాహ్నం 1 నుంచి 4 లోపు కోసేయండి. పది గంటలకు తీరిగ్గా మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం పోయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే.

ఆషాఢ, శ్రావణాల్లో శత్రువు ఎండ కాదు, గాలి. రామగిరి కొండల మీద, ఉరవకొండ వైపు అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. వాన మబ్బు చూసి చల్లగా ఉంది కదా అనుకుంటాం కానీ ఆ గాలి కాంక్రీటు పైతడిని లాగేస్తుంది. చదరపు మీటరుకు గంటకు ఒక లీటరు ఆవిరైతే ప్రమాదం మొదలైనట్టు లెక్క. మన ఒక్క పట్టీకే అది గంటకు 37 లీటర్లు. అలా ఆరితే పోసిన రెండు మూడు గంటల్లోనే పైన పొట్టి పొట్టి పగుళ్లు వస్తాయి. ఇవి కంట్రోల్ జాయింట్లు ఆపగలిగే పగుళ్లు కావు, మిషన్ రాకముందే పుట్టేవి. "జాయింట్లు పెట్టినా పగిలింది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇవే. గాలి వచ్చే వైపు టార్పాలిన్ పట్టాలు కట్టండి, గాలి తక్కువుండే తెల్లవారుజామున పోయండి, మట్టం లాగిన వెంటనే పాలిథీన్ కప్పి తాపీ తిప్పేటప్పుడే తీయండి.

చలికాలంలో పొద్దున్నే పోస్తే రాత్రి కల్లా కోత అయిపోతుంది. అక్టోబరు, నవంబరులో కాయలు కళ్లానికి వచ్చే వేళకు కాంక్రీటుకు కనీసం 28 రోజుల వయసుండేలా చూసుకోండి.

పోసేటప్పుడు

కింద గరుసుకు దిమ్మిస బాగా కొట్టి, ముందురోజు తడిపి ఉంచండి. గుంటల్లో నీళ్లు నిలవకూడదు. గుంతకల్లు, ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి నేలలున్న వాళ్లు ఆ మట్టిని తీసి గరుసు నింపకుండా కాంక్రీటు వేస్తే ఏ జాయింటూ కాపాడదు. అక్కడ నేలే లేస్తుంది, దిగుతుంది.

నీళ్ల విషయం గట్టిగా పట్టుకోండి. పైన చెప్పిన పాళ్లకు 50 కిలోల బస్తాకు 30 లీటర్లు దాటకూడదని ఐఎస్ 456లో ఉంది. ఇసుకలో ఉన్న తడి కూడా అందులోదే. పని సులువని ఇంకో బొక్కెన పోస్తే కుదింపు పెరుగుతుంది, గట్టిపడే టైము వెనక్కి జరుగుతుంది, మీ కోత లెక్క కూడా తప్పుతుంది.

కోతకు సిద్ధమైందా? చేత్తో చూడాల్సిన పరీక్షలు

పైన చెప్పిన గంటలు కట్టర్‌ను పిలిపించడానికే. మిషన్ ఆన్ చేయాలా వద్దా అన్నది స్లాబు చెప్పాలి. చివరి తాపీ అయిన మూడు గంటల నుంచి అరగంటకొకసారి ఈ కిందివి చూడండి. మొదట పోసిన వైపు నుంచే చూడాలి.

మొదట బూటు కాలుతో నిలబడండి. అచ్చు పడితే ఇంకా టైముంది. పడకపోతే ఇనుప మేకుతో గట్టిగా గీయండి. మేకు లోపలికి దిగి కంకర కదిలితే ఆగాలి. పైన ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు తెల్లటి గీత మాత్రమే పడితే మిషన్ దించొచ్చు.

ఆ తర్వాత అసలు పరీక్ష. అంచున ఒక అడుగు పొడవు కోసి చూడండి. గీత పక్కలు రాలి, కంకర రాళ్లు ఊడి గుంటలు పడుతుంటే తొందరపడ్డట్టే. అరగంట ఆగండి. బ్లేడు కంకరను పెకలించకుండా దాని మధ్యలోంచి కోసుకుపోతుంటే సమయం వచ్చింది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి: అంచు కొద్దిగా గరుకుగా రావడం మంచి గుర్తే. అద్దంలా నున్నగా వచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. సందేహముంటే తొందర వైపే మొగ్గండి. కొంచెం రాలిన అంచును తర్వాత సరిచేయొచ్చు, అడ్డదిడ్డంగా వచ్చిన పగులును సరిచేయలేం.

కంకరను బట్టి కూడా ఈ టైము మారుతుంది. అనంతపురం చుట్టుపక్కల క్రషర్ల గ్రానైటు కంకర గట్టిది. దాన్ని కోయాలంటే చుట్టూ ఉన్న సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకొని ఉండాలి, కాబట్టి కొంచెం ఎక్కువ ఆగాలి. సున్నపురాయి కంకర వాడే చోట కాస్త ముందే కోయొచ్చు. షాపుల్లో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు, ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంటు) కంటే నిదానంగా గట్టిపడుతుంది. పోయినసారి ఓపీసీతో చేసిన పని గంటలు ఈసారి పీపీసీకి పనికిరావు.

కోసే పద్ధతి

లోతు మందంలో నాలుగో వంతు. 4 అంగుళాలకు ఒక అంగుళం, 5కు ఒకటింపావు, 6కు ఒకటిన్నర. టైల్స్ వాళ్లు వాడే చేతి మార్బుల్ కట్టర్ 110 ఎంఎం బ్లేడుతో 32 నుంచి 34 మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. అంటే 5 అంగుళాల స్లాబుకు అంచుమీద సరిపోతుంది, అదీ కొత్త బ్లేడైతేనే. 6 అంగుళాల స్లాబుకు తోసుకుంటూ పోయే ఫ్లోర్ కట్టరే తెచ్చుకోవాలి. కోస్తుండగా మధ్య మధ్యలో ఒక పుల్ల మీద గుర్తు పెట్టి గాడిలో ముంచి లోతు చూడండి. వంగి వంగి అలసిపోయిన మనిషి చివరి గీతలు పైపైన గీకేస్తాడు.

సున్నం దారం కొట్టి, డైమండ్ బ్లేడుతో, నీళ్లు పోస్తూ కోయించండి. పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. నీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వైరుకు అతుకులు లేకుండా, ఎర్తింగ్, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఈఎల్‌సీబీ ఉండేలా చూడండి. పొలంలో స్టార్టరు డబ్బా నుంచి రెండు తీగలు లాగి పని కానివ్వడం మాత్రం వద్దు.

మొదట పోసిన చోట మొదట కోత. సీసీ రోడ్డులాంటి పొడవాటి పనిలో గీతలన్నీ వరుసగా కోసే టైము లేదనిపిస్తే మూడు గీతలకు ఒకటి చొప్పున ముందు కోసేసి, ఆ తర్వాత మధ్యవి కోస్తూ రండి. గీత ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పూర్తిగా పోవాలి. గోడ దగ్గర మిషన్ ఆడదని అర అడుగు వదిలేస్తే పగులు అక్కడ పక్కకు తిరుగుతుంది.

కోస్తుండగా బ్లేడు కంటే ముందే పగులు పరుగెత్తితే అక్కడే ఆపేయండి. ఆ గీతకు ఆలస్యమైపోయింది. మిగతా గీతలకు వెంటనే పోండి.

మిషన్ దొరకని ఊళ్లలో పచ్చిగా ఉన్నప్పుడే గాడి పెట్టొచ్చు. కావలసిన లోతున్న ఇనుప పట్టీకి ఆయిలు పూసి, చెక్క ఆనించి సూటిగా దింపి, కాంక్రీటు బిగుస్తుండగా తీసి, అంచులు తాపీతో సరిచేయాలి. లోతు నాలుగో వంతు అన్న నియమం దీనికీ వర్తిస్తుంది. వాకిట్లో అందానికి దారం నొక్కి వేసే గళ్ల గీతలు జాయింట్లు కావు. అవి రెండు మూడు మిల్లీమీటర్లే, పగులు వాటిని లెక్కచేయదు.

కోశాక

గాడిలో చేరిన సిమెంటు బురదను ఆరకముందే నీళ్లు కొట్టి కడిగేయండి. ఎండితే రాయిలా పట్టుకుంటుంది. కోత అయ్యేదాకా క్యూరింగ్ ఆపేయడం చాలామందికి అలవాటు. అది వద్దు. పైన గట్టిపడగానే తడి గోనె సంచులు కప్పేసి, కోసే గీత దగ్గరవి మాత్రమే జరుపుకుంటూ పోవాలి. తర్వాత మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపండి. ఓపీసీకి కనీసం 7 రోజులు, మనలాంటి వేడి, పొడి చోట 10 రోజులు, పీపీసీ అయితే 14 రోజుల దాకా అని ఐఎస్ 456 చెబుతుంది.

కొన్ని రోజులకు పక్క అంచున కూర్చొని గీత కింద చూడండి. సన్నటి పగులు నిలువుగా కిందికి దిగి కనిపిస్తే కంగారు పడొద్దు, జాయింటు పనిచేసిందన్నమాట.

గాడి నింపడానికి ఒక నెలైనా ఆగండి, ఇంకా ఆగగలిగితే మేలు. ముందే నింపితే జాయింటు తెరుచుకొని సీలెంటు ఊడుతుంది. కళ్లంలో తారు పోయకండి. ఎండకు కరిగి కాయలకు అంటుకుంటుంది. పీయూ సీలెంటు (రబ్బరులా సాగే పాలీయురెథేన్ ముద్ద) ఖరీదైనా అదే వాడండి. సిమెంటు పాలు పోసి పూడ్చితే మాత్రం కోసిందంతా వృథా.

ఆలస్యమైపోతే

తెల్లారింది, కట్టర్ ఇప్పుడొచ్చాడు, స్లాబు మీద ఇంకా పగులు కనిపించడం లేదు. అయినా కోయించండి, పూర్తి లోతుకు. అసలు కోయకపోవడం కంటే అది నయం. ఒక గడిలో పగులు వచ్చేసి ఉంటే, దాని పక్కనే ఉన్న గీతను కోయకుండా వదిలేయండి. ఆ పగులే ఇక మీ జాయింటు. దాని పక్కనే ఇంకోటి కోస్తే మధ్యలో మిగిలే సన్నటి ముక్క ట్రాక్టరు చక్రం కింద పలుగుతుంది. కుదింపు తగ్గాక పగులును వంకరలతో సహా చిన్న బ్లేడుతో వెడల్పు చేసి, దుమ్ము ఊది, అదే పీయూ సీలెంటుతో నింపండి. మూలలు విరిగి రెండు పక్కలా ఎత్తుపల్లాలు వస్తే అది కోత ఆలస్యం వల్ల వచ్చింది కాదు, కింద నేల దిగింది. అప్పుడు ఆ గడి వరకు జాయింటు నుంచి జాయింటు దాకా పగలగొట్టి, గరుసు మళ్లీ కొట్టించి పోసుకోవాలి.